ఎడమ మడమ

హీల్ అంటే మడమ అని
కుక్కను వదలడానికొచ్చిన డాక్టరుగారబ్బాయి చెప్పాడు.
ఆరేళ్లుగా రోజుకు వందసార్లు అరుస్తున్న మాటకు
అర్థం ఆ పూట తెలిసింది.
కుక్క మనిషికి ఎడమపక్కన, మడమను ఆనుకుని నడవాలట.

నా ఎడమ మడమ చీమకుర్తిలో ఉంది,
క్వారీ అడుగున.
ఏ దిమ్మ కింద నలిగిందో ఆ దిమ్మ
కోతపడి, పాలిష్ పట్టి, ఓడెక్కి వెళ్లిపోయింది.
నల్లరాతిలో చుక్కల మెరుపు.
ఏ దేశంలో ఎవరి వంటగట్టో ఇప్పుడు.

ఇప్పుడున్నది రబ్బరుపాదం.
మంగమూరు డొంక అవతల, అమ్ముడుపోని వెంచరులో,
హద్దురాళ్ల మధ్య నా బడి.
పొద్దున అయిదున్నరకే మొదలు.
తొమ్మిదయిందంటే ఒంగోలు ఎండకు
కుక్కకు నాలుక బయటికొస్తుంది,
నాకు తొడుగులో చెమట నిండి కాలు జారుతుంది.

కొత్త కుక్క ముందు నా కాళ్లే వాసన చూస్తుంది.
కుడికాలు: మన్ను, చెమట, ఆదెమ్మ రాసిన వేపనూనె.
ఎడమకాలు: చెప్పులకొట్టు.
తల పక్కకు వంచి ఒక్క నిమిషం తికమకపడుతుంది.
ఇతగాడు ముప్పాతిక మనిషి, పావు చెప్పు
అని లెక్క తేల్చుకుని
జేబులో ఉడకేసిన కార్జం ముక్క సంగతి చూస్తుంది.

మనుషులకు లెక్క అంత తొందరగా తేలదు.
"కుక్క పరిగెత్తితే ఎట్టయ్యా నీకు?"
పరిగెత్తితే పరిగెత్తుద్ది.
తరిమి పట్టుకోగలిగినోడు
పిలవడం సరిగా నేర్చుకోడు.

ఒకసారి కాలు విప్పి పక్కన పెడితే
లాబ్రడారు పిల్లొకటి కరుచుకుని పోయింది.
కూర్చున్నచోటి నుంచే డ్రాప్ అన్నాను.
బుద్ధిగా వదిలేసింది, ఇరవై గజాల అవతల.
పట్టుకురావడం దానికి పైవారం పాఠం.
నాగూరు టీ తాగొచ్చేదాకా
ముప్పావుగంట ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

ఇంతకీ మేజర్ సంగతి.
నెల రోజుల చదువు ముగించుకుని
లాయర్‌పేటలో ఇంటికి పోయిన వారానికి
పరంధామయ్యగారి ఫోను.
"ఏందయ్యా చినకోటయ్యా, నా కుక్క కుంటుతుంది!
ఎక్సరే తీయించా, ఎముక బాగానే ఉందంట.
రెండడుగులేస్తది, ఆగుతది,
నా మొహంలోకి చూస్తది, మళ్లా నడుస్తది."

నాకు అర్థమైంది. చెప్పడానికి నోరు రాలేదు.

రెండడుగులకొకసారి నేను
తుంటి ఎత్తి కాలు విసరాలి.
ఆ విసురుకు పట్టే అరక్షణం కూడా
పాఠమే అనుకుంది మేజర్.
సిట్, స్టే, హీల్,
ఆ తర్వాత నేను పేరు పెట్టని ఇంకో మాట.

పంపించండి సార్, సరిచేస్తాను, డబ్బులొద్దు అన్నాను.

నాగూరుకు పదహారేళ్లు, గట్టి పిక్కలు.
పట్టీ వాడి చేతికిచ్చి, ఆగబాకరా అని చెప్పి
హద్దురాయి మీద కూర్చున్నాను.
మొదటిరోజు మేజర్ ఆగింది. వాడు లాగాడు.
రెండోరోజు ఆగి, వాణ్ని కాదు, నన్ను చూసింది.
నేను తాటాకు విసనకర్రను చూశాను.
నాలుగోరోజుకు ఆగడం మర్చిపోయింది.
నా నడకను తుడిపించాను, దగ్గరుండి నేనే.
బాగుందిరా అన్నాను నాగూరుతో.
బాగానే ఉంది మరి.

ఆదివారం కారొచ్చింది.
వెంచరు ఆర్చీ దాకా నాగూరు పక్కన
తాడు పట్టినట్టు తిన్నగా నడిచింది.
వెనకాల నేను, నా చప్పుడు నాది:
ధబ్బు, కిర్రు. ధబ్బు, కిర్రు.
కారు తలుపు దగ్గర
మేజర్ ఆగింది.
అరక్షణం.

పరంధామయ్యగారు చూశారేమోనని
నేను ఫోను తీసి
టైమెంతయిందో చూసుకున్నాను.